ఆయిల్ ముల్లు మీద ఒక కన్ను

బిడ్డా,

రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. హైదరాబాద్ బాలానగర్ షెడ్డులో గోనెపట్టా కింద పడున్న జిప్సీ ఇంజన్ని బయటికి తీశావట. పైపులు వెల్డింగ్ చేయించి కట్టుకుంటున్న కిట్ కారులో దాన్నే పెట్టి, ఈ చలికాలం మద్రాసు ట్రాకు మీద దిగుతావట. వినగానే ఛాతీ ఉప్పొంగింది. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. ఇదంతా చదివాకే స్పానర్ పట్టుకో.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. టైమింగ్ బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు, ఆయిల్ సీళ్ళు, హెడ్ ప్యాకింగ్ అన్నీ కొత్తవే వెయ్యి. కనెక్టింగ్ రాడ్ బోల్టులు చూడ్డానికి బాగానే ఉంటాయి కానీ వాటిని మళ్ళీ బిగించొద్దు, సాగిపోయి ఉంటాయి. రాణీగంజ్‌లో ఒక పూట తిరిగితే మామూలు సామానంతా దొరుకుతుంది.

విప్పక ముందే లీక్‌డౌన్ టెస్టు చెయ్యి, అంటే సిలిండర్లోకి గాలి ఎక్కించి ఎంత కారిపోతోందో చూడు. 10 శాతం లోపు పోతుంటే మంచిదే, 20 దాటితే విప్పాల్సిందే. గాలి ఎక్కడ బుస కొడుతోందో చెవి పెట్టి విను. కార్బురేటర్లో వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వ్, సైలెన్సర్లో అయితే ఎగ్జాస్ట్ వాల్వ్, ఆయిల్ మూత దగ్గర అయితే రింగులు. రేడియేటర్లో బుడగలొస్తే ప్యాకింగ్ పోయినట్టు, లేదా హెడ్ పగిలినట్టు. సిలిండర్ బోరు, అంటే లోపలి వెడల్పు, 74 మిల్లీమీటర్లు కనుక పిస్టన్ పై రింగు కొసల మధ్య గ్యాప్ 0.30 నుంచి 0.35 మిల్లీమీటర్ల దాకా ఉంచు. బిగుతుగా ఉంటే గొప్ప అనుకోవద్దు. వేడికి రింగు కొసలు ఒకదానికొకటి తగిలాయంటే పిస్టన్ అంచు విరుగుతుంది.

ఇక క్రాంక్. రాడ్లు పట్టుకునే నాలుగు పిన్నులూ 0.25 మిల్లీమీటర్ల అండర్‌సైజులో, అంటే అంత మేర సన్నగా గ్రైండ్ చేసి ఉంటాయి. వాటి చుట్టూ వేసే బేరింగ్ షెల్స్ స్టాండర్డ్ సైజువి కొంటే డబ్బు దండగ. అవి ఎందుకలా ఉన్నాయో మీ నాన్న నీకు చెప్పి ఉండడు. ఆ తప్పు నాది కనుక నేనే చెప్పాలి.

ఎత్తు తక్కువ కారులో ఈ ఇంజన్ పెడితే ఆయిల్ చాంబర్ నేలకి మరీ దగ్గరగా వేలాడుతుంది. అప్పట్లో నేను పెట్టినప్పుడు మన ఊరి స్పీడ్ బ్రేకర్లకి తగలకూడదని చాంబర్ అడుగు 45 మిల్లీమీటర్లు కోయించి, కొత్త రేకు అతికించి, సక్షన్ పైపుని ఆ మేరకు పొట్టి చేయించాను. చూడ్డానికి ముచ్చటగా వచ్చింది. కానీ దాదాపు లీటరు ఆయిల్ పట్టే చోటు పోయింది, లోపల ఒక్క అడ్డురేకు కూడా లేదు. రోడ్డు మీద నెలల తరబడి ఏ గొడవా రాలేదు. ట్రాకు మీద మొదటి రోజే వచ్చింది.

మలుపులో కారుని పక్కకి నెట్టే బలం దాని బరువుకి సమానమైందనుకో, చాంబర్లో ఆయిల్ మట్టం 45 డిగ్రీలు వాలిపోతుంది. పళ్ళెంలో చారు పోసి ఒక పక్కకి వంచినట్టే. మంచి టైర్లేసిన తేలిక కారుకి అంత బలం మామూలు సంగతి. ఆయిలంతా బయటి గోడకి ఎక్కుతుంది, మధ్యలో ఉన్న సక్షన్ పైపు గాలి పీలుస్తుంది. పొడవాటి మలుపులో ఆయిల్ ప్రెషర్ ముల్లు 4 బార్ నుంచి 1కి పడింది, మలుపు దాటగానే మళ్ళీ 4కి లేచింది. లేచింది కదా అని ఊరుకున్నాను. 6500 ఆర్‌పీఎం అంటే సెకనుకి 108 చుట్లు. 2 సెకన్లు ముల్లు పడిందంటే 200 పైచిలుకు చుట్లు పిన్నుకీ షెల్‌కీ మధ్య ఆయిల్ పొర లేకుండా తిరిగిందన్నమాట. ప్రతి ల్యాపులోనూ అదే మలుపు, అదే 2 సెకన్లు. నాలుగో ల్యాపులో కింద నుంచి టక్ టక్ మని కొట్టడం మొదలైంది. విప్పి చూస్తే మూడో రాడ్డు షెల్ మీది బూడిదరంగు పూత తుడిచిపెట్టుకుపోయి రాగి బయటపడింది. షెల్ అంచు రేకులా పల్చబడి బయటికి సాగింది. పిన్ను నిండా గీతలు. అందుకే నాలుగూ గ్రైండింగ్ చేయించాల్సి వచ్చింది.

కనుక నీ మొదటి ఖర్చు కార్బురేటర్ కాదు, క్యామ్ కాదు, చాంబర్. లోతు తగ్గించక తప్పదు కానీ పోయిన లీటరుని పక్కలకి రెక్కలు పెంచి తెచ్చుకో. సక్షన్ పైపు చుట్టూ పెట్టె కట్టించి, దాని గోడలకి లోపలికి మాత్రమే తెరుచుకునే చిన్న తలుపులు పెట్టించు. ఆయిల్ లోపలికి వస్తుంది, మలుపులో బయటికి పోలేదు. ఆయిల్ గోడ వెంట క్రాంక్ దాకా ఎగబాకకుండా పైన ఒక అడ్డురేకు. సక్షన్ మూతికీ చాంబర్ అడుక్కీ మధ్య 6 నుంచి 8 మిల్లీమీటర్లు ఉండాలి. మూతికి బంకమట్టి ముద్ద అంటించి, చాంబర్ బిగించి, మళ్ళీ విప్పి ఆ ముద్ద మందం కొలువు. ఆయిల్ ఎక్కువ పోస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే వినకు. క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగ బేరింగుని కాపాడలేదు.

కంపెనీ ఆయిల్ లైటు వెలిగేసరికి అంతా అయిపోయి ఉంటుంది. దాని బదులు 1.5 బార్ దగ్గర వెలిగే స్విచ్ పెట్టి, ఎర్ర లైటు నీ కళ్ళకెదురుగా బిగించు. అది వెలిగితే క్లచ్ తొక్కు, ఇంజన్ ఆపు, చెయ్యెత్తి లైను బయటికి జారుకో. వెనక ఎవడు ముందుకెళ్ళిపోతున్నాడో నీకనవసరం. ఈ మాట మీద నాకు కోపం తెప్పించకు.

క్రాంక్‌కి ముందు క్రాక్ టెస్టు చేయించు. షెల్స్ వేశాక ప్లాస్టిగేజ్, అంటే సందు కొలిచే మెత్తటి ప్లాస్టిక్ దారం, పెట్టి పిన్నుకీ షెల్‌కీ మధ్య సందు 0.04 నుంచి 0.05 మిల్లీమీటర్లు వచ్చిందా చూడు. 7000 ఆర్‌పీఎం దాటొద్దు. స్ట్రోక్, అంటే పిస్టన్ ఎక్కి దిగే దూరం, 75.5 మిల్లీమీటర్లు, పాత పిస్టన్లు, పాత రాడ్లు. అంతకు మించి వాటిని అడగడం న్యాయం కాదు.

పెట్రోల్ సంగతి నీ వయసు వాళ్ళకి తట్టదు. ఆ రెండు 40 డీసీఓఈ వెబర్ కార్బురేటర్లలో ఉన్న 120 మెయిన్ జెట్లు, అంటే పెట్రోల్‌ని కొలిచి వదిలే చిన్న రంధ్రాలు, ఇథనాల్ లేని పెట్రోల్‌కి పెట్టినవి. ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. అదే గాలికి దాదాపు 7 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. పైగా మన ఊరు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, మద్రాసు సముద్రం ఒడ్డున. అక్కడ గాలి 5 శాతం చిక్కన. ఇక్కడ సరిగ్గా సెట్ చేసుకున్న కార్బురేటర్ అక్కడ లీన్ అవుతుంది, అంటే గాలికి తగ్గ పెట్రోల్ అందదు. 130 జెట్లతో మొదలుపెట్టు, సైలెన్సర్ పొగని బట్టి గాలీ పెట్రోల్ పాళ్ళు చూపే వైడ్‌బ్యాండ్ మీటర్ ఫుల్ థ్రాటిల్లో లాంబ్డా 0.87 (1 కన్నా తక్కువంటే పెట్రోల్ కాస్త ఎక్కువ) చూపించేదాకా ఒక్కో మెట్టు దిగు. టైమింగ్ లైటు పెట్టి 4000 ఆర్‌పీఎం పైన ప్లగ్గు నిప్పు రవ్వ ముందుగా పడే మొత్తం అడ్వాన్స్ 28 డిగ్రీలతో మొదలుపెట్టు. ప్రతి పరుగు తర్వాత ప్లగ్గులు తీసి ఎండలో చూడు. తెల్ల పింగాణి మీద సన్నటి ఇసుక చల్లినట్టు మెరిసే చుక్కలు కనబడితే అది పిస్టన్ అల్యూమినియం. ఆ రోజుకి పరుగు ఆపెయ్యి.

ఈ20 పాత రబ్బరు పైపుల్ని మెత్తబరిచి పగలగొడుతుంది. అన్నీ పీకేసి ఇథనాల్‌కి ఆగే పైపులు వెయ్యి. ఏదీ సైలెన్సర్ పక్కనుంచి పోకూడదు. నీ కాళ్ళు ఆ ఇంజన్‌కి ఎంత దగ్గరో ఒకసారి కూర్చుని చూసుకో తల్లీ. నిప్పు విషయంలో నేను పిరికివాణ్ణే అనుకో. కటాఫ్ స్విచ్, చేతికందే ఎక్స్‌టింగ్విషర్, థ్రాటిల్‌కి రెండు స్ప్రింగులు, ఇంజన్ ఆవిరి బయటికొదిలే బ్రీదర్‌కి ఆయిల్ పట్టుకునే 2 లీటర్ల క్యాచ్ ట్యాంకు. ఇవి రేసు ముందు జరిగే స్క్రూటినీ కోసం కాదు, మీ అమ్మ కోసం.

బానెట్ కిందికి ఉంది కనుక రేడియేటర్ హెడ్ కన్నా కిందికే వస్తుంది. నీళ్ళు పోసే హెడర్ ట్యాంకు అన్నిటికన్నా ఎత్తులో పెట్టకపోతే హెడ్‌లో గాలి ఇరుక్కుంటుంది. బోరు నీళ్ళు పోశావంటే లోపల ఉప్పు పేరుకుంటుంది. డిస్టిల్డ్ నీళ్ళు, కూలెంట్ సగం సగం.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులు తీసేసి, ముల్లు లేచేదాకా సెల్ఫ్ కొట్టు. కొత్త క్యామ్ వేస్తే మొదటి 20 నిమిషాలు ఐడిల్లో వదలకుండా 2000, 2500 ఆర్‌పీఎం మధ్య తిప్పు. 50 కిలోమీటర్లకే ఆయిల్ మార్చి, ఫిల్టర్ డబ్బా కోసి లోపలి కాగితం మడతలు విప్పి ఎండలో పరువు. రంపంతో కోయకు, రంపం పొడే మెరుస్తుంది. అయస్కాంతానికి అంటుకుంటే ఇనుము. అంటుకోకుండా రాగి రంగులో తళుక్కుమంటే బేరింగ్. అప్పుడు నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా సరే.

చాంబర్ వెల్డింగ్ అయ్యాక కిరోసిన్ పోసి రాత్రంతా పేపరు మీద ఉంచు. పొద్దున మరక ఉందో లేదో ఫోటో పంపు. కారుని మద్రాసు దాకా నడుపుకుంటూ వెళ్తానన్నావట. 600 కిలోమీటర్ల పైన ఉంది, ఇంజన్‌కి ఉన్న ఆయుష్షంతా హైవే మీద పోస్తావా? ట్రైలర్ మీద వెయ్యి. కిరాయి నేనిస్తాను, లాగే బండిలో ముందు సీటు మాత్రం నాకుంచు.

మీ పెద్దనాన్న