తలకి పెట్టుకునేది మాత్రం నువ్వే కొనుక్కో

ఒరేయ్ కార్తీక్,

నిన్న రాత్రి మీ నాన్న నరసరావుపేట నుంచి ఫోన్ చేశాడు. "పద్దూ, మనవాడికి అప్పుడే స్పాన్సర్ దొరికాడటే!" అని ఒకటే సంబరం. చదువు పూర్తవకుండానే ఏదో కంపెనీ నీకు హెచ్‌-1 ఉద్యోగం వీసా వేస్తానందని అన్నయ్య అనుకుంటున్నాడు. ఆ స్పాన్సర్ సైకిల్ షాపువాడనీ, వాడిచ్చే జెర్సీ, హెల్మెట్ వేసుకుని నువ్వు కొండల మీద రేసులు తొక్కబోతున్నావనీ నేను చెప్పలేదు. అది నీ పని. ఈ ఆదివారంలోగా నువ్వే చెప్పు. నువ్వు పంపిన ఫొటో నా ఫోన్‌లో పెట్టుకుని మా అన్నయ్యతో అబద్ధాలాడటం నావల్ల కాదు.

ఫొటోలో వెనక టవర్లు చూడగానే ఫీనిక్స్ సౌత్ మౌంటెన్ అని తెలిసిపోయింది. గర్వంగానే అనిపించింది, దాచుకోవడమెందుకు. మీ మావయ్య ఉద్యోగం కోసం ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్ వెళ్లిన కొత్తల్లో, ఆయన వీసా వెంట ఇచ్చే హెచ్‌-4 మీద ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్న నన్ను పక్కింటావిడ తన పాత సైకిలిచ్చి ఆ కొండకి తీసుకెళ్లింది. అప్పటికి నాకు ముప్పై దాటాయి, ఇద్దరు పిల్లలు. ఆ తర్వాత ఇండియా తిరిగొచ్చేదాకా శనివారం పొద్దున్న నేను ఇంట్లో దొరికితే ఒట్టు. మీ నానమ్మ ఫోన్లో "సంసారం చేసుకునేదానివి, నీకు కొండలెందుకే" అని తిట్టేది. ఇంట్లో నా తర్వాత ఆ పిచ్చి ఎవరికీ పట్టలేదనుకున్నాను. పట్టింది. సరే.

తేలికవి ముందు చెప్పేస్తాను. ఒంటరిగా వెళ్లకు. ఏ కొండదారికి, అంటే ట్రెయిల్‌కి వెళ్తున్నావో రూమ్మేట్‌కి మెసేజ్ పెట్టు. మొదట పాపాగో పార్కు, తర్వాత డెజర్ట్ క్లాసిక్. నేషనల్ ట్రెయిల్ అన్నిటికన్నా ఆఖర్న. పాము కనిపిస్తే అది పోయేదాకా దూరంగా ఆగు. సెకండ్ హ్యాండ్ సైకిల్ కొంటే ఫ్రేమ్ గొట్టాలు కలిసే చోట పగుళ్లున్నాయేమో టార్చ్ వేసి చూడు. సెకండ్ హ్యాండ్ హెల్మెట్ మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోకు.

బ్రేకుల సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు. యాక్టివా మీద ఎడమచేతి బ్రేకు నొక్కి నొక్కి అలవాటైన చెయ్యి నీది. అది ప్రధానంగా వెనక చక్రాన్ని ఆపుతుంది. అమెరికాలో అమ్మే సైకిళ్లకి ఎడమచేతిది ముందు చక్రానికి ఉంటుంది, కుడిచేతిది వెనకదానికి. యూనివర్సిటీ రోడ్ల మీద ఈ తేడా తెలియనే తెలియదు. ఏటవాలు దిగుడులో గుండె ఝల్లుమన్నప్పుడు చెయ్యి పాత అలవాటుకే పోతుంది. ముందు చక్రం పట్టేసిందంటే హ్యాండిల్ మీదుగా నువ్వు అవతల పడతావు. ఖాళీ పార్కింగ్‌లో మెత్తగా నొక్కుతూ చెయ్యికి నేర్పు. అప్పటికీ రాకపోతే షాపులో అడిగి అటుదిటు మార్పించుకో, అందులో నామోషీ లేదు.

"రెంటచింతల ఎండలు చూసినవాణ్ణి, ఫీనిక్స్ నన్నేం చేస్తుంది" అని మీ అమ్మతో అన్నావట. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు పగటి ఎండ 110 డిగ్రీల ఫారన్‌హీట్‌కి, అంటే మన 43కి తగ్గలేదు. మన దగ్గర చొక్కా తడిసి ముద్దయి, ఒంట్లో నీళ్లు పోతున్నాయని అదే చెప్తుంది. అక్కడి పొడి గాలికి చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, చొక్కా మీద ఉప్పు చారలే మిగులుతాయి. దాహం వేసేదాకా ఆగకు. మూడు లీటర్ల నీళ్ల సంచీ వీపున ఉండాలి. వేసవిలో ఎండ ఎక్కకముందే దిగిపోవాలి. మరీ ముదిరిన రోజుల్లో ఊరి మున్సిపాలిటీవాళ్లే కొన్ని ట్రెయిళ్లు మూసేస్తారు. మూసిన గేటు పక్కనుంచి దూరి వెళ్లావని తెలిస్తే నేనే మీ నాన్నకి ఫోన్ చేస్తాను.

జేబులో ఒక దువ్వెన పెట్టుకో. నవ్వకు. చోయా అని అక్కడొక నాగజెముడు ఉంటుంది. అలా రాసుకున్నామో లేదో ముళ్ల గుత్తి ఊడొచ్చి కాలికి అంటుకుంటుంది. చేత్తో పీకితే వేళ్లకి దిగుతుంది. దువ్వెన పళ్లు గుత్తికీ చర్మానికీ మధ్య దూర్చి ఒక్కసారి విదిలించాలి, మిగిలిన ముళ్లు ట్వీజర్‌తో తీసుకోవాలి. మీ మావయ్య దువ్వెనలన్నీ అలాగే పోయాయి. ఆయనకి జుట్టూ పోయింది కాబట్టి ఇంట్లో గొడవ రాలేదు. ఆ ముళ్లకే ట్యూబ్ టైర్లు నిలవవు. ట్యూబ్‌లెస్ వేయించి చిల్లులు పూడ్చే సీలెంట్ ద్రవం పోయించు. ఆ వేడికి సీలెంట్ తొందరగా ఎండిపోతుంది, రెండు మూడు నెలలకోసారి చూసుకో.

ఫొటోలో నీ మోకాళ్లు బోడిగా ఉన్నాయి. ఆ కొండ రాయి కొబ్బరికోరులా ఉంటుందిరా, పడ్డావంటే చర్మం ఉండదు. మోకాలి ప్యాడ్ల మీద ఈఎన్ 1621 అనే యూరప్ ప్రమాణం గుర్తు ఉంటుంది, పక్కన లెవెల్ 1 అనో 2 అనో. రెండోది ఎక్కువ దెబ్బ కాస్తుంది కానీ మందంగా, ఉక్కగా ఉంటుంది. డీ3ఓ లాంటి పదార్థంతో చేసినవి మామూలప్పుడు మెత్తగా ఉండి, దెబ్బ తగిలిన క్షణంలో గట్టిపడతాయి. తొక్కడానికి అవే సుఖం. షాపులోనే వేసుకుని రెండు మూడుసార్లు గొంతుక్కూర్చుని లే. జారితే కొనకు. కొండ ఎక్కేటప్పుడు కిందికి లాక్కో, దిగే ముందు పైకి. వేళ్లన్నీ కప్పే గ్లౌజులు, రంగులేని కళ్లద్దాలు ఎలాగూ ఉండాలి. ఎప్పుడైనా లిఫ్ట్ ఎక్కి దిగే బైక్ పార్కుకి వెళ్తే గడ్డం దాకా కప్పే ఫుల్ ఫేస్ హెల్మెట్ పెట్టుకో, దాని లోపల ఏఎస్‌టీఎం ఎఫ్ 1952 అనే ప్రమాణం గుర్తు ఉండాలి.

ఇక మామూలు హెల్మెట్. ఇక్కడి నుంచి ఫోన్ చూస్తూ చదవకు.

మా శనివారం గుంపులో ఒక తెలుగు కుర్రాడుండేవాడు. ఒంగోలు వైపువాడు. పేరు చెప్పను. అప్పుడు వాడిది నీ వయసే. ఎమ్మెస్ అయి, చదువయ్యాక కొన్నాళ్లు పనిచేయనిచ్చే ఓపీటీ మీద కొత్తగా ఉద్యోగంలో చేరాడు. మా అందరికంటే బాగా తొక్కేవాడు. అక్కడి షాపువాళ్లెవరో టీమ్‌లో చేర్చుకుని జెర్సీ, హెల్మెట్ ఇచ్చారు. రెండింటి మీదా వాళ్ల బొమ్మే. ఆ హెల్మెట్‌ని కారు ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టేవాడు, అంత మురిపెం.

నేషనల్ ట్రెయిల్‌లో వాటర్‌ఫాల్ అంటారు ఒక చోటుని. నీళ్లేమీ ఉండవు, మెట్లు మెట్లుగా బండరాళ్లు. వాడక్కడ పడ్డాడు. తల పక్కవాటుగా రాతికి కొట్టుకుంది. లేచి నవ్వాడు. రక్తం లేదు. హెల్మెట్ తీసి చూస్తే పైన ఒక గీత, అంతే. "సూపర్ హెల్మెట్ ఆంటీ" అని మళ్లీ పెట్టుకున్నాడు. దిగుతూ "కారు తాళాలు నా దగ్గరే ఉన్నాయా?" అన్నాడు. నీ జేబులోనే ఉన్నాయిరా అన్నాం. కాసేపటికి మళ్లీ అదే ప్రశ్న, అదే గొంతుతో. పార్కింగ్‌కి వచ్చేలోగా మళ్లీ అడిగాడు. మాతో ఒక నర్సు ఉండేది. ఆవిడ ఇంకేం మాట్లాడకుండా వాణ్ని కార్లో కూర్చోబెట్టుకుని ఎమర్జెన్సీకి తీసుకుపోయింది. స్కాన్ బాగానే ఉంది. మెదడు అదిరిపోవడం, అంటే కంకషన్, మామూలుగా స్కాన్‌లో కనపడదు. తలనొప్పి, తిరుగుడు పూర్తిగా పోయి డాక్టరు సరేననేదాకా సైకిలెక్కొద్దన్నారు.

ఆ పై శనివారం షాపువాళ్ల ఫొటో రైడ్. ఇంకా తల పోటుగానే ఉందని ముందురోజు వాళ్లమ్మకి ఫోన్లో చెప్పాడట కూడా. అయినా వెళ్లాడు. షాపువాళ్లు బలవంతం చేశారని అనను. రమ్మన్నారు, వీడు రానని చెప్పలేకపోయాడు. వాళ్ల సరుకు ఒంటి మీద ఉంది మరి. హెల్మెట్ కూడా అదే పెట్టుకున్నాడు, వేరేది పెట్టుకుంటే ఫొటోలో వాళ్ల బొమ్మ రాదని. ఈసారి పడిన చోటు చెప్తే నమ్మవు. పార్కింగ్ పక్కన ఇసుక మలుపు, చిన్నపిల్లలు తొక్కే చోటు. వేగం కూడా లేదు.

తర్వాత హెల్మెట్ పై పెంకు ఊడదీసి చూస్తే లోపల థర్మోకోల్ ఈ చివర నుంచి ఆ చివరకి చీలి ఉంది. అది అంతకుముందు వారం దెబ్బే. ఆ థర్మోకోల్ చేసే పనే అది, నలిగి, దెబ్బని తను తీసుకుంటుంది. ఒకసారి నలిగింది మళ్లీ ఉబ్బదు. పైకి కొత్తదానిలాగే మెరుస్తుంది.

ప్రాణానికి ముప్పు రాలేదు. కానీ నెలల తరబడి వెలుతురు చూడలేకపోయాడు. కంప్యూటర్ ముందు కాసేపు కూర్చుంటే వాంతులు. ప్రోగ్రాములు రాసేవాడికి ఇంకేం మిగులుతుంది? ఉద్యోగం పోయింది. ఓపీటీలో మొత్తం మీద 90 రోజులకి మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. తల తేరుకోవడానికి అంతకంటే ఎక్కువే పట్టింది. నేనూ మీ మావయ్యా ఎయిర్‌పోర్టులో దింపాం. వెనక సీట్లో నల్లకళ్లద్దాలు పెట్టుకుని, చేతుల్లో మొహం దాచుకుని కూర్చున్నాడు. వాడు ఇల్లు చేరాక వాళ్లమ్మ నాకు ఫోన్ చేసి, "మీరంతా పక్కనే ఉన్నారు కదమ్మా" అంది. తిట్టినా బాగుండేది. ఇప్పుడు వాడు బాగున్నాడులే, బెంగ పెట్టుకోకు. ఎండలోకి వస్తే మాత్రం ఇప్పటికీ టోపీ, అద్దాలు ఉండాల్సిందే.

అందుకని షాపువాడు హెల్మెట్ ఇస్తానంటే వద్దని చెప్పు. జెర్సీ తీసుకో, టైర్లు తీసుకో, నీళ్ల సీసాలు ఎన్నైనా తీసుకో. హెల్మెట్ నీ డబ్బుతో కొన్నదైతే, పడిన రోజున ఎవర్నీ అడక్కుండా చెత్తబుట్టలో పడేస్తావు. వర్జీనియా టెక్ యూనివర్సిటీవాళ్లు 2018 నుంచి సైకిల్ హెల్మెట్లు పరీక్షించి నక్షత్రాలు ఇస్తున్నారు, జాబితా ఎవరైనా చూడొచ్చు. 5 నక్షత్రాలవన్నీ ఖరీదైనవేం కావు. లోపల అమెరికా భద్రతా సంస్థ సీపీఎస్‌సీ స్టిక్కర్ తప్పనిసరి. స్వీడన్‌వాళ్ల మిప్స్ పొర ఉంటే మరీ మంచిది. తల వాలుగా తగిలినప్పుడు మెదడుకి వచ్చే మెలికని అది కొంత తగ్గిస్తుంది. ముందు అంచు కనుబొమలకి రెండు వేళ్ల పైన ఉండాలి. నీలాగా నుదురంతా కనపడేట్టు వెనక్కి నెట్టుకుంటే అది టోపీ. బిల్లు దాచు, పడి పగిలితే కొత్తది తగ్గింపుకి ఇచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి.

నువ్వు పంపిన ఒప్పందం రెండుసార్లు చదివాను. నెలకి నాలుగు పోస్టులు పెట్టాలి, రెండు శనివారాలు షాపు రైడ్‌లో కొత్తవాళ్లకి దారి చూపాలి, బదులుగా సైకిల్ సగం ధరకి. ఒరేయ్, దీన్ని పని అంటారు. నువ్వు ఎఫ్‌-1, అంటే స్టూడెంట్ వీసా మీద ఉన్నావు. అనుమతి లేకుండా క్యాంపస్ బయట పని చేయకూడదు. జీతం డబ్బు రూపంలోనే ఉండక్కర్లేదు, పనికి బదులు సరుకు పుచ్చుకున్నా ప్రతిఫలం కిందే చూసే ప్రమాదముంది. నన్నూ ఒక షాపువాళ్లు ఆడవాళ్ల రైడ్‌కి ముందుండమన్నారు, ఏడాదికో సైకిల్ ఇస్తామన్నారు. 2015కి ముందు హెచ్‌-4 వాళ్లెవరికీ పని చేసే అనుమతి లేదు. మనసు పీకింది కానీ వద్దన్నాను. ఎర్ర సైకిల్ అది, ఇప్పటికీ కళ్లలోనే ఉంది.

సంతకం పెట్టకముందే మీ ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుకి ఆ కాగితం జతచేసి మెయిల్ రాయి. జవాబు కూడా మెయిల్లోనే తీసుకో. రేసుల్లో వచ్చే బహుమతి డబ్బు సంగతీ అందులోనే అడుగు. వాళ్లు కాదంటే యూనివర్సిటీ సైక్లింగ్ క్లబ్బులో చేరు. క్లబ్బు సభ్యులకి షాపులు ఇచ్చే తగ్గింపు నీకూ వస్తుంది, ఎవరికీ శనివారాలు బాకీ ఉండవు. రేసులు కూడా ఆ జెర్సీతోనే తొక్కొచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లో "మా అంబాసిడర్‌గా ఉండు" అని మెసేజ్‌లు పెట్టేవాళ్లకి జవాబే ఇవ్వకు. నీచేత కొనిపించడమే వాళ్ల వ్యాపారం. నిజమైన స్పాన్సర్లు చాలామంది వచ్చే ఏడాది లెక్కలు శరదృతువులో వేసుకుంటారు. ఒక సీజన్ తొక్కిన ఫలితాలు, నువ్వు చేసిన ట్రెయిల్ మరమ్మతు పనులు ఒక పేజీలో రాసి అప్పుడు అడుగు. ఎంత మంచి కంపెనీ అయినా సరే, కాగితంలో వాళ్ల సరుకే వాడాలన్న చోట "రక్షణ సామగ్రి మినహా" అనీ, "గాయపడినప్పుడు హాజరు అవసరం లేదు" అనీ రాయించు. రాయనంటే నీ దారిన నువ్వు వచ్చేయ్.

ఇన్సూరెన్స్ కాగితాల్లో మినహాయింపుల పేజీ తీసి, పోటీ క్రీడలు, సాహస క్రీడలు అందులో ఉన్నాయేమో చూడు. చవకగా వస్తుందని మనవాళ్లు కొనే పాలసీల్లో తరచూ ఉంటాయి. అక్కడ చెయ్యి విరిగితే వచ్చే బిల్లు మీ నాన్న పొలం మీదికి వస్తుంది. ఉంటే, వేరే పాలసీ తీసుకునేదాకా కొండకి వెళ్లకు.

హెల్మెట్ డబ్బు నేను పంపుతాను. కనుబొమలకి కాస్త పైన, తల చుట్టూ టేపు పెట్టి సెంటీమీటర్లలో కొలిచి నాకు వాట్సాప్ చెయ్యి. ఈలోగా షాపుకి వెళ్లి రెండు మూడు రకాలు పెట్టి చూడు. రంగు నీ ఇష్టం, నలుపు మాత్రం వద్దు, ఆ ఎండకి. ప్యాడ్లు నువ్వే కొనుక్కో, ఆ మాత్రం పార్ట్‌టైమ్ డబ్బు నీ దగ్గరుందని నాకు తెలుసు.

నీ పద్మత్త
విజయవాడ