ఒడిశాలోని నియమగిరి కొండకు కోర్టులో మనిషిలా హక్కులున్నాయా?

లేవు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు కొండను వ్యక్తిగా గుర్తించేసిందని మా రాయగడ వైపు కొందరు అంటుంటారు గానీ, తీర్పులో ఉన్నది అది కాదు. అక్కడ బాక్సైట్ తవ్వితే కొండదేవుడు నియమరాజును కొలుచుకునే హక్కు దెబ్బతింటుందా లేదా అన్నది గ్రామసభలే తేల్చాలంది. 2006 అటవీ హక్కుల చట్టం దానికి ఆధారం. రాయగడ, కలహండి జిల్లాల్లో 12 ఊళ్లలో సభలు పెడితే పన్నెండూ వద్దన్నాయి. అంటే గెలిచిన హక్కు కొండది కాదు, దాన్ని కొలిచే డోంగ్రియా కోందు ఆదివాసులు, వాళ్లతో పాటు అక్కడ బతికేవాళ్లది.

న్యూజిలాండ్ దారి వేరు. 2017లో వాంగనుయి నదిని చట్టం చేసి మరీ వ్యక్తిని చేసింది, దాని తరఫున మాట్లాడటానికి ఇద్దరిని పెట్టింది. అదే ఏడాది ఉత్తరాఖండ్ హైకోర్టు గంగ, యమునలకు ఆ హోదా ఇస్తే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. వరదొస్తే నష్టపరిహారం కేసు నది మీద వేస్తారా మరి? ఉత్తరాఖండ్ ప్రభుత్వం సుప్రీంకోర్టులో ఆ చిక్కునే లేవనెత్తింది.

నాకు వింతగా అనిపించేది ఒకటుంది. గుళ్లో విగ్రహాన్ని మన చట్టం ఎప్పటినుంచో వ్యక్తిగానే చూస్తోంది, భూములు దేవుడి పేరునే ఉంటాయి. డోంగ్రియాలకు గుడి వేరే లేదు, కొండే నియమరాజు.