రీలోడింగ్ సామాన్లలో ఏవి ఇంట్లో చేసుకోవచ్చు?

టెక్సస్‌లో ఉంటూ .38 స్పెషల్ అనే రివాల్వర్ తూటాలకి రీలోడింగ్ (పేల్చాక మిగిలిన ఖాళీ ఇత్తడి షెల్స్‌లో మళ్లీ మందు, బుల్లెట్ నింపుకోవడం) మొదలుపెడుతున్నానని, ఖర్చు తగ్గడానికి ఏవేవి ఇంట్లో చేసుకోవచ్చని అడిగారు. నేనూ డాలస్ దగ్గరే ఉంటాను, ఎనిమిదేళ్లుగా గరాజ్‌లో నాకిదే కాలక్షేపం.

ముందు మీ వీసా సంగతి చూసుకోండి. హెచ్1బి లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా ఉన్నవాళ్ల దగ్గర తుపాకీయే కాదు, తూటా ఉన్నా ఫెడరల్ నేరమే. హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులున్నాయి, అవి లాయర్‌ని అడగండి. గ్రీన్‌కార్డు ఉంటే ఆ తంటా లేదు. ఇండియా నుంచి చదువుతున్నవాళ్లు మాత్రం దీని జోలికి రావద్దు. లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడాన్ని 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ఒప్పుకోదు.

ఇంట్లో చేసుకోదగ్గది లోడింగ్ బ్లాక్. షెల్స్‌ని నిలబెట్టే చెక్క, అంతే. .38 స్పెషల్ అంచు వెడల్పు 0.44 అంగుళం, కాబట్టి 15/32 డ్రిల్ బిట్‌తో వరసకి పది చొప్పున ఐదు వరసలు, అర అంగుళం లోతున రంధ్రాలు వేశాను. మిగిలిపోయిన చెక్క ముక్కే కాబట్టి పైసా ఖర్చు లేదు. కానీ నా బెంచి మీద దానికన్నా విలువైన వస్తువు లేదు. ఈ షెల్ 1898లో, పాతకాలపు నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) రోజుల్లో పుట్టింది, లోపల చోటు చాలా ఎక్కువ. ఇప్పటి పౌడర్ అడుగున కొంచెమే కనిపిస్తుంది. పొరపాటున రెండుసార్లు పోసినా పొంగి బయటకు రాదు, పేల్చినప్పుడు రివాల్వర్ పగులుతుంది. అందుకే బుల్లెట్ పెట్టే ముందు యాభై షెల్స్‌లోకీ టార్చి వేసి, ఎత్తు అన్నిట్లో ఒకేలా ఉందా అని చూస్తాను. ఒకసారి మూడో వరసలో ఒకటి తేడాగా కనిపించింది. ఆ యాభై ఒంపేసి ఆ పూటకి లైటార్పి లోపలికొచ్చేశాను.

షెల్స్ కడగడం కూడా సొంతంగా చేసుకోవచ్చు. మా అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు నల్లబడ్డ షెల్స్ చూసి, "ఇత్తడేగా, చింతపండు వేసి తోమరా" అంది. నేనూ బుద్ధిగా రాత్రంతా నానబెట్టాను. పొద్దున చూస్తే తళతళలాడాల్సినవి గులాబీ రంగుకి తిరిగాయి. ఈ ఇత్తడిలో 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. పులుపుకి జింకు కరిగిపోయి పైన రాగి మిగిలింది. నూట యాభై షెల్స్ స్క్రాప్‌లో పడేశాను. అమ్మని ఏమనగలం, బిందె తోమాక వెంటనే కడిగేస్తారు కదా! ఇప్పుడు వేడినీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, చిటికెడు నిమ్మ ఉప్పు, పది నిమిషాలు, అంతే.

అమ్మోనియా ఉన్న పాలిష్ అసలు వద్దు. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలోనే గుర్రపుశాలల్లో దాచిన తూటాల ఇత్తడి వానాకాలం వచ్చేసరికి బీటలు తీసేదట. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియానే కారణమని తర్వాత తేలింది.

కడిగాక నేను ఎండలో ఆరబెడతాను, టెక్సస్ ఎండకి కొదవేముంది. కిచెన్ అవెన్‌లో పెట్టకండి. వేడి ఎక్కువైతే షెల్ అడుగు మెత్తబడుతుంది, పైగా ప్రైమర్ (షెల్ అడుగున నిప్పు పుట్టించే చిన్న మూత) మసిలో సీసం ఉంటుంది. వంటింటి గిన్నె ఒక్కటి కూడా గరాజ్‌కి తేవద్దు. నేను ఒక ఇడ్లీ గిన్నె తెచ్చాను, అది మళ్లీ ఇంట్లో అడుగుపెట్టలేదు.

ప్రైమర్లు, పౌడర్, డైలు (షెల్‌ని సరైన కొలతకి తెచ్చే అచ్చులు) కొనాల్సిందే. ప్రైమర్ మందు ఇంట్లో చేస్తామనేవాళ్లతో వాదన కూడా పెట్టుకోకండి, వేళ్లు పోతాయి. పౌడర్ ఎంత అనేది తయారీదారు ఇచ్చిన పట్టికలో చూసుకోవాలి, ఎవరో చెప్పిన లెక్క పనికిరాదు.

పౌడర్ తూచే స్కేలు కూడా కొనండి. దాన్ని పైపైన సరిచూసుకోవడానికి మాత్రం జేబులోని ఐదు సెంట్ల నికెల్ పనికొస్తుంది. కొత్త నాణెం సుమారు 5 గ్రాములు, అంటే పౌడర్ తూచే కొలతలో 77.2 గ్రెయిన్లు, ఒక్కో నాణెం కొద్దిగా అటూఇటూ ఉంటుంది. నేను కూర్చోగానే ముందు అదే వేస్తాను. తేడా వస్తే అది నాణెం వల్లే కావొచ్చు, ఇంకొకటి వేసి చూడండి. వేరే నాణేలతోనూ తేడా వస్తే బ్యాటరీ మార్చి మళ్లీ చూడండి.

ప్రెస్ (డైలు బిగించి షెల్స్‌ని నొక్కే యంత్రం) ఏది కొంటున్నారో రాయండి, దాన్ని బట్టి బెంచి ఎంత బరువుండాలో చెబుతాను.