బోర్డరు చూడ్డానికి వెళ్తున్న అమ్మలుకి

అమ్మలూ,

సంక్రాంతికి గుంటూరు రాకుండా స్నేహితురాళ్లతో అమృత్‌సర్ వెళ్తున్నావట. మీ అమ్మ ఫోన్ చేసి గోల. "వెళ్లనీవే అక్కా, పెళ్లయ్యాక ఎవరు పంపిస్తారు" అని గట్టిగానే అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నాకే నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం. వాట్సాప్‌లో పెడితే సగం చదివి బొటనవేలు గుర్తు పెడతావని నాకు తెలుసు.

స్వెటరు, సాక్సులు, మంకీ క్యాప్ సంగతి మీ అమ్మ చెప్పే ఉంటుంది. జనవరిలో పొగమంచుకి అటు రైళ్లు గంటల తరబడి లేటవుతాయి. అమృత్‌సర్‌లో దిగిన రోజే బోర్డరు పెట్టుకోవద్దు.

మనవైపు ఊరు అట్టారీ, అమృత్‌సర్ నుంచి 30 కిలోమీటర్ల లోపే. అందరూ వాఘా అంటారు గానీ అది గేటుకి అవతల, పాకిస్తాన్ వైపు ఊరు. రోజూ సాయంత్రం రెండు దేశాల జవాన్లూ జెండాలు దించుతూ చేసే పెరేడ్ చూడ్డానికే అందరూ వెళ్లేది. సూర్యాస్తమయాన్ని బట్టి దాని టైము మారుతుంది. చలికాలంలో నాలుగు దాటాక మొదలవుతుంది కాబట్టి రెండున్నరకల్లా అక్కడుండండి. టికెట్ లేదు. బ్యాగులు మాత్రం లోపలికి రానివ్వరు, కాబట్టి హోటల్లోనే వదిలేయండి.

ఇక అసలు సంగతి. ఆధార్ కార్డు ఎవరిది వాళ్ల జేబులోనే ఉండాలి. "నా దగ్గరుంటే భద్రం" అని ఒక్కతే అందరివీ పట్టుకుందంటే కొంప మునిగినట్టే. మీ బాబాయి చేసింది అదే.

ఆఫీసు వాళ్లు ప్రయాణం ఖర్చిచ్చే ఎల్టీసీ మీద టూరు బస్సులో వెళ్లాం, మా అత్తయ్యని కూడా తీసుకుని. బాబాయి మా కార్డులన్నీ రబ్బరు బ్యాండు వేసి తన చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నారు. దాని మీద స్వెటరు, ఆ పైన కోటు. తీరా అక్కడికెళ్తే ఆడవాళ్ల లైను వేరు, మగవాళ్ల లైను వేరు. లేడీ కానిస్టేబుల్ కార్డు అడిగింది. ఆయనేమో వందమంది తలపాగాల వెనక ఎక్కడో ఉన్నారు. అత్తయ్యని మా బస్సు ఆడవాళ్లకి అప్పగించి నేను వెనక్కి పరిగెత్తాను. ఆయన కోటు విప్పి, స్వెటరు ఎత్తి, కార్డులు తీసి ఇచ్చేసరికి మా వాళ్లంతా లోపలికి వెళ్లిపోయారు. అత్తయ్య కూడా వాళ్లతోనే వెళ్లుంటుందనుకున్నాను. గ్యాలరీలో ఆ జనంలో ఎవరు ఎక్కడున్నారో ఏం కనబడుతుంది? అయిపోయాక బస్సు దగ్గర తలలు లెక్కపెడితే అత్తయ్య లేదు. ఆమెకి హిందీ రాదు, చేతిలో ఫోన్ లేదు, హోటల్ పేరు తెలీదు. చీకటి పడుతోంది. బాబాయి మొహం చూస్తే తిట్టడానికి కూడా నోరు రాలేదు.

చివరికి చెకింగ్ దగ్గరే ఉంది. కార్డు లేదని ఆపేశారు, ఆవిడా కదల్లేదు. ఆ కానిస్టేబుల్ తన ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చోబెట్టి టీ ఇప్పించింది. మమ్మల్ని చూసి అత్తయ్య ఏడవలేదు, "మీరు తాగారా?" అంది! ఆవిడ చూసింది ఏమీ లేదు, కేకలు విన్నదంతే. కానీ గుంటూరొచ్చాక అరండల్‌పేటలో మా వీధి వీధంతా కూర్చోబెట్టి, జవాన్లు బూటు కాలు తలపాగా దాకా ఎలా లేపారో, గేట్లు ఎలా తీశారో పూసగుచ్చినట్టు చెప్పేది. నేను ఏనాడూ అడ్డు చెప్పలేదు.

అందుకని, లోపలికి వెళ్లకముందే ముగ్గురూ కలుసుకునే చోటు ఒకటి అనుకోండి. హోటల్ పేరు, అడ్రసు హిందీలో రాయించుకుని జేబులో పెట్టుకోండి. ఫోన్ ఉందిగా అనకు, అక్కడ సిగ్నల్‌ని నమ్ముకోలేం. అవగానే తోసుకుంటూ బయటపడొద్దు, జనం పల్చబడేదాకా కూర్చోండి.

ఈ పెరేడ్ 1959 నుంచి జరుగుతోంది. మేం చూసినప్పుడు గేట్లు తీసి, ఇటు మన సరిహద్దు దళం బీఎస్ఎఫ్ అతనూ అటు పాకిస్తాన్ రేంజరూ చేతులు కలిపారు. 2025లో కాశ్మీర్‌లో పహల్గాం ఉగ్రదాడి తరవాత ఆ గేట్లు తీయడం, చేతులు కలపడం ఆపేశారు. నువ్వు జెండాల తాళ్ల మీద కన్నేసి ఉంచు. రెండు జెండాలూ ఏటవాలు తాళ్ల మీద సరిసమానంగా దిగుతాయి, ఒకటి ముందూ ఒకటి వెనకా కాకుండా. మన వైపు 418 అడుగుల జెండా స్తంభం కూడా పెట్టారు, మేం వెళ్లినప్పుడు అది లేదు. పింగళి వెంకయ్య గారు 1921లో గాంధీగారికి జెండా నమూనా ఇచ్చింది మీ బెజవాడలోనే. ఆ మాట నీ స్నేహితురాళ్లకి చెప్పు, కాస్త గొప్పలు పోయినా తప్పులేదు.

తిండి సంగతి. కుల్చా అని అక్కడి రొట్టె, పొద్దున్నే తినండి. బంగాళదుంప కూర కుక్కి తందూరులో కాల్చి, పైన వెన్న ముద్ద వేసి, అరచేత్తో నలిపి ఇస్తారు. పొర పొర విడిపోయి లోపల్నుంచి ఆవిరొస్తుంది. పక్కన శనగల కూర, చింతపండు చట్నీ. మన నోటికి కారం ఆనదు, చిన్న డబ్బాలో కారప్పొడి పెట్టుకో. పచ్చడి సీసా మాత్రం వద్దు, నూనె కారి బట్టలు పాడైపోతాయి. ఆవకూర, మొక్కజొన్న రొట్టె చలికాలంలోనే బాగుంటాయి, వదలొద్దు. మీగడ లస్సీ గ్లాసు చెంబంత ఉంటుంది, బోర్డరుకి బయల్దేరే ముందు తాగావో, మూడు గంటలు గ్యాలరీలో నీ తిప్పలు నువ్వే పడాలి.

స్వర్ణదేవాలయంలో లంగరు భోజనం, అదే అందరికీ ఉచితంగా పెట్టేది, తప్పకుండా చేయండి. తలమీద చున్నీ ఉండాలి, రొట్టె రెండు చేతులూ చాచి తీసుకోవాలి. నీకు అన్నం పారేసే అలవాటుంది, అక్కడ ఒక్క మెతుకు వదిలినా ఊరుకోను. తిన్నాక కాసేపు గిన్నెలు కడగండి. ఇంట్లో ఒక్క గ్లాసు కడగని దానివి, అక్కడన్నా కడుగు తల్లీ.

జనవరి 13 రాత్రి అక్కడ లోహ్రీ మంటలు వేస్తారు, అచ్చం మన భోగిమంటే. పిలిస్తే వెళ్లు. మంట దగ్గర మాత్రం చున్నీ నడుముకి చుట్టుకో.

ఫోన్‌పేలో రెండువేలు వేశాను. తిరిగి పంపావంటే చూడు. వచ్చేటప్పుడు అమృత్‌సర్ వడియాలు అరకిలో తీసుకురా, మిరియాలు దట్టించినవి. అప్పడాలొద్దు, రైల్లో నలిగిపోతాయి.

మీ పిన్ని