తలసరి అరతులం

సందేహం: బైబిల్లోని నిర్గమకాండం 30వ అధ్యాయం గురించి రాస్తూ "ఇశ్రాయేలీయులు తలసరి అరతులం వెండి ఇచ్చారు" అన్నాను. తలసరి అంటే సగటు కదా, అందరూ సమానంగా ఇచ్చిన చోట ఆ మాట కుదరదు, "తలా అరతులం" అనాలి అని మిత్రుడొకరు అభ్యంతరం చెప్పారు. ఏది సరి? ఆ తులమూ మన బంగారం తులమూ ఒకటేనా?

సమాధానం: మీరు రాసిందే సరి. మీ మిత్రుడి చెవిలో "తలసరి ఆదాయం" మోగుతున్నట్టుంది. ఆర్థిక లెక్కల్లో ఆ మాటను సగటుకు వాడి వాడి, దాని సొంత అర్థం మరుగున పడింది. "దినసరి కూలి" అన్నప్పుడు రోజుల సగటు అని ఎవరూ అనుకోరు గదా! రోజుకింత అనే అనుకుంటారు. తలసరీ అంతే, తలకింత.

"తలా" తప్పు కాదు. కానీ అందులో సమానం అన్న అర్థం లేదు. "తలా కొంత వేసుకుందాం" అంటే ఒకరు వంద, ఒకరు పది వేయొచ్చు. "తలో మాట అన్నారు" అంటే ఎవరి మాట వారిదే. "తలా అరతులం" అన్నప్పుడు సమానత్వం వచ్చేది అరతులం వల్ల, తలా వల్ల కాదు. తలసరిలో "సరి" ఉంది. ఈ సందర్భానికి ఆ సరే ప్రాణం. ఇరవై ఏళ్లు, ఆ పైబడి లెక్కలో చేరిన ప్రతివాడూ ఇవ్వాలి. ధనవంతుడు అరతులం కంటే ఎక్కువ ఇవ్వకూడదు, బీదవాడు తక్కువ ఇవ్వకూడదు. అందుకే ఇక్కడ "చందా" అనే మాట అసలు పనికిరాదు. చందా ఎవరి శక్తి కొద్దీ వారిచ్చేది. ఇది ప్రాణానికి బదులు కట్టే పరిక్రయధనం. జనాన్ని లెక్కించేటప్పుడు తెగులు, అంటే మహమ్మారి, రాకుండా ఇది కట్టమని ఆ ఆజ్ఞ. తర్వాత దావీదు రాజు జనాన్ని లెక్కపెట్టించినప్పుడు తెగులు వచ్చి 70,000 మంది చనిపోయారని రెండో సమూయేలు గ్రంథం చెబుతుంది.

హీబ్రూ మూలం చూస్తే నాకు ఇంకా సంతోషం కలుగుతుంది. నిర్గమకాండం 38వ అధ్యాయంలో ఉన్న మాటకు అర్థం "పుర్రెకు ఒక బెకా". బెకా అంటే అర షెకెల్. షెకెల్ అనే ఆ తూనికనే ఇక్కడ మన బైబిలు అనువాదం తులం అంది. పుర్రెకు వారి మాట గుల్గోలెత్. సువార్తల్లో యేసును సిలువ వేసిన గొల్గొతా, అంటే కపాలస్థలం, దీని చుట్టమే. జనాన్ని లెక్కించడాన్ని కూడా హీబ్రూలో "తల ఎత్తడం" అంటారు. వాళ్లు తల అన్నచోట మనమూ తల అంటున్నాం. ఇంతకంటే మంచి అనువాదం ఏముంటుంది?

లెక్క కూడా చూడండి. మనుషులు 6,03,550 మంది, వెండి 3,01,775 షెకెళ్లు. సరిగ్గా సగం. అంటే ఇక్కడ మీ మిత్రుడి సగటూ, మీ తలసరీ ఒకటే అయ్యాయి! ఆ వెండిలో 3,00,000 షెకెళ్లతో దేవుని ఆరాధన గుడారానికి నూరు దిమ్మలు పోతపోశారు. ఒక్కో దిమ్మలో 6,000 మంది అరతులాలు కరిగి ఉన్నాయన్నమాట. అందులో ఏది ఉన్నవాడి వెండో, ఏది లేనివాడి వెండో ఎవరు చెప్పగలరు?

ఇక తులం. ఇప్పుడు బంగారం షాపులో తులమంటే 10 గ్రాములే తూస్తున్నారు గానీ పాత తులం 11.66 గ్రాములు. యెరూషలేము ప్రాంతంలో దొరికిన రాతి తూనికరాళ్లను బట్టి షెకెల్ సుమారు 11.4 గ్రాములు. రెండూ ఒకటి కావు గానీ తేడా స్వల్పం. మన అనువాదకులు తులం అనే మాటను ఎంచుకోవడం చక్కగా కుదిరింది.

ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. అదే తెలుగు బైబిలు మత్తయి సువార్త 17వ అధ్యాయంలో, కపెర్నహూములో వసూలు చేసిన ఆలయపు పన్ను దగ్గర, "అరషెకెలు" అంటుంది. మీ వ్యాసంలో రెండు ఘట్టాలూ వస్తుంటే, మొదటిసారే "అరతులం, అంటే అర షెకెల్" అని రాసి, తర్వాత ఒకే మాట వాడండి. తలసరి అంటే పాఠకులు ఇంకా సగటే అనుకుంటారని టెన్షన్ ఉంటే "తలకు అరతులం" అనండి, అదీ మంచి తెలుగే.