మీ ప్రశ్నలు: మాట పడిపోయినప్పుడు

ప్రశ్న: మా మామగారికి మోటార్ న్యూరాన్ జబ్బు (కండరాలను కదిలించే నరాలు దెబ్బతినే జబ్బు). మాట పోయింది, చేతులు కదలవు, చూపు మాత్రం చురుగ్గా ఉంది. కంటిచూపుతో నడిచే కంప్యూటర్ మా స్తోమతకు మించింది. ఇంట్లో చేసుకోగలిగేది ఏదైనా ఉందా? – ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ఉందమ్మా. ఈ జబ్బులో కళ్లను తిప్పే కండరాలు చాలామందిలో చివరిదాకా నిలుస్తాయి. అందుకే ఆయన చూపుతో అక్షరాలు చూపించే పలక చేసుకుని, మీ ఇద్దరి మధ్య పట్టుకోవచ్చు. నేమ్‌బోర్డులు చేసే షాపులో ఏ3 సైజు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న, గాజులా అవతలివైపు కనిపించే అక్రిలిక్ (ప్లాస్టిక్) షీటు తీసుకోండి. మధ్యలో 15×10 సెంటీమీటర్ల కిటికీ కోయించి, అంచులు గరుకు కాగితంతో రుద్దండి.

మన అక్షరాలు వర్గాలుగా ఉండటం ఇక్కడ బాగా కలిసొస్తుంది. నాలుగు మూలలు, నాలుగు అంచుల మధ్యలు, మొత్తం ఎనిమిది చోట్లు. వాటిలో: అ ఇ ఉ ఎ ఒ, క గ సున్నా, చ జ, ట డ ణ, త ద న, ప బ మ, య ర ల వ, శ స హ ళ. దీర్ఘాలు, ఒత్తులు, మహాప్రాణాలు (ఖ, ఘ లాంటివి) వద్దు. అవి లేకపోయినా ఇంట్లోవాళ్లకు అర్థమవుతుంది. ప్రతి గుంపులో అక్షరాలకు వరసగా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు రంగులు వేసి, అవే రంగుల బిళ్లలు నాలుగు మూలల్లో ఒక్కొక్కటి, పై అంచు మధ్యలో ఒకటి అంటించండి. అటువైపు ఉండే మీకు అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి కనుక ప్రతిదాని వెనక అదే అక్షరం మళ్లీ అంటించాలి.

ఒక్కో అక్షరానికి రెండు చూపులు: మొదట గుంపు, తర్వాత రంగు. 'నీళ్లు' కావాలంటే న, ఇ, ళ, ఉ. 'న' కోసం త-ద-న గుంపు, ఆపైన ఆకుపచ్చ బిళ్ల. ప్రతి చూపు తర్వాత ఆయన కళ్లు కిటికీలోంచి మీ కళ్లవైపు రావాలి. అలా రాకపోతే వెతుకుతున్నారో, ఎంచుకున్నారో మీకు తెలియదు. అక్షరం తెలియగానే పైకి చదవండి.

పలకను ముఖానికి 45–60 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోండి. మరీ దూరమైతే చూపు ఎటు తిరిగిందో పసిగట్టలేరు. ట్యూబ్‌లైటు మెరుపు పడితే కొంచెం వంచండి. 'కాదు'కు రెప్పపాటును గుర్తుగా పెట్టకండి, మామూలు రెప్పపాటుతో కలిసిపోతుంది. పైకి చూస్తే అవును, కిందికి చూస్తే కాదు. ముందు ఇది కుదిరాకే అక్షరాలు. మాట సగంలో ఉండగానే మీరు పూర్తిచేసేస్తే ఆయన విసుగెత్తి మానేస్తారు. ఊహించినా, అడిగి ఖాయం చేసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడంవల్ల కదలికలు అదుపులో లేని స్థితి). తల మాత్రం ఒక పక్కకు బాగా తిప్పగలడు. ఫోన్ వాడించవచ్చా? – ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: వాడించవచ్చు. ఆండ్రాయిడ్‌లో తెరను తాకకుండా ఒక్క మీటతో ఫోన్ నడిపే 'స్విచ్ యాక్సెస్' సదుపాయం ఉంది. సెట్టింగ్స్‌లో కనిపించకపోతే ప్లేస్టోర్ నుంచి దించుకోండి. ఓటీజీ కేబుల్‌తో (ఫోన్‌కు కీబోర్డు లాంటివి కలిపే తీగ) పాత యూఎస్‌బీ కీబోర్డు తగిలించి, స్పేస్ మీటను స్విచ్‌గా ఎంచుకోండి. మిగతా మీటలు నొక్కుకుపోకుండా అట్ట కప్పండి. తల తిప్పితే స్పేస్ మీటకు చెంప తగిలేచోట కీబోర్డును బిగించండి. వదులుగా ఉంటే జరిగిపోతుంది, రోజూ కొత్త చోట వెతుక్కోవాలి. ఆటో స్కాన్‌లో వెలుగు తెర మీది బొమ్మల మీదికి దానంతటదే వరసగా జరుగుతుంది, కావలసినదాని మీదికి వచ్చినప్పుడు మీట నొక్కాలి. ఒక్కో బొమ్మ మీద 2 సెకన్లు ఆగేలా మొదలుపెట్టండి. వణుకువల్ల రెండుసార్లు నొక్కుకుపోతుంటే, వెంటవెంటనే పడే నొక్కుళ్లను లెక్కలోకి తీసుకోని సెట్టింగ్ పెట్టండి. మొదటి వారం రాయించకండి. పాట పెట్టడం, ఆపడం చాలు.