మందు కలపడానికి లైసెన్సా?

ప్రశ్న: అన్నా, నాకు 23 ఏళ్లు, ఉండేది దిల్‌సుఖ్‌నగర్. డిగ్రీ మధ్యలో ఆపేసి ఏడాదిగా ఓ రెస్టారెంట్‌లో వెయిటర్‌గా చేస్తున్నా. బార్‌టెండర్ అవ్వాలని ఉంది. ఓ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 45 వేలు కడితే నెలరోజుల్లో లైసెన్స్ ఇప్పిస్తాం, అది లేకపోతే ఎక్కడా పెట్టుకోరు అంటున్నారు. సిడ్నీలో ఉన్న ఫ్రెండ్‌ని అడిగితే వాడూ లైసెన్స్ తప్పనిసరి అన్నాడు. కట్టేయమంటావా? ఇంట్లో ఇంకా చెప్పలేదు, అదో టెన్షన్.

జవాబు: ఆగు తమ్ముడూ, ఆ డబ్బు కట్టకు. నీ ఫ్రెండ్ అబద్ధం చెప్పలేదు గానీ వాడు చెప్పింది వాడుండే ఊరి సంగతి. ఆస్ట్రేలియాలో మందు పోయాలంటే ఆర్‌ఎస్‌ఏ అనే చిన్న కోర్సు పాసవ్వాలి, సిడ్నీలో దానికిచ్చే కార్డు 5 ఏళ్లు చెల్లుతుంది. కాలిఫోర్నియాలోనూ 2022 నుంచి ఇలాంటిదే ఒకటి పెట్టారు. అవేవీ కాక్‌టెయిల్ కలపడం నేర్పేవి కావు. తాగి తూలుతున్నవాడికి ఇంకో గ్లాసు పోయకూడదని, గొడవ కాకుండా వాణ్ణి ఎలా పంపించాలని, అంతవరకే.

మన దగ్గర లైసెన్స్ ఉండేది బార్‌కి, నీకు కాదు. ఎక్సైజ్ శాఖ బార్‌కిచ్చేదాన్ని 2బీ అంటారు, అది యజమాని పేరు మీద ఉంటుంది. పనివాళ్ల విషయంలో ఈ లైన్‌లో నౌకర్‌నామా అని ఓ పాతకాలపు మాట వినబడుతుంది. లైసెన్సుదారు తరఫున వ్యాపారం చూసుకునే మనిషికి ఎక్సైజ్ వాళ్లిచ్చే కాగితం అది, దాని సంగతి చూసుకోవాల్సింది కూడా యజమానే. ఏ ఇన్‌స్టిట్యూటూ దాన్ని అమ్మలేదు. వాళ్లు చేతిలో పెట్టేది వాళ్లు సొంతంగా అచ్చేసుకున్న సర్టిఫికెట్, గోడకి బాగుంటుంది. నువ్వు చేయించుకోవాల్సింది ఏడాదికోసారి మెడికల్ టెస్ట్ ఒక్కటే, ఫుడ్ సేఫ్టీ రూల్స్ ప్రకారం హోటల్‌లో తిండి, తాగేవి ముట్టుకునే అందరికీ అది ఉంది. వెయిటర్‌వి కదా, నీకు ఇప్పటికే చేయించి ఉండాలి, లేదంటే మీ మేనేజర్‌నే అడుగు.

నేర్చుకోవాలంటే విద్యానగర్‌లో ఐహెచ్‌ఎం, గచ్చిబౌలిలో నిథమ్ అనే హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీలు ఉన్నాయి, చిన్న కోర్సులు ఏం నడుస్తున్నాయో ఓ రోజు వెళ్లి కనుక్కో. కానీ నీకైతే దగ్గరదారి బార్‌బ్యాక్‌గా, అంటే బార్‌టెండర్‌కి సహాయకుడిగా చేరడం. ఆర్నెల్లు ఐస్ మోస్తావు, గ్లాసులు తుడుస్తావు, నిమ్మకాయలు కోసి కోసి వేళ్లు మండుతాయి, ఆ మధ్యలోనే కౌంటర్ వెనక ఏ సీసా ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పే స్థితికొస్తావు. ఇంట్లో ఖాళీ సీసా మూతికి పోరర్, అంటే సన్నగా ధార వచ్చేలా చేసే గొట్టం, బిగించి నీళ్లతో ప్రాక్టీస్ చెయ్యి. మనసులో లెక్కపెడుతూ పోయడం, పెగ్ మెజర్ (కొలత గ్లాసు)లోకి వంచి చూడడం. 30 ఎంఎల్ అనుకున్నది 38 వస్తుంది మొదట్లో, అందరికీ అంతే. చెయ్యి కుదిరాక కూడా ఇక్కడ చాలాచోట్ల మెజర్‌తోనే పోయమంటారు, 30, 60 కొలతల మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, అది లేని మెజర్ చేతికిచ్చారంటే అక్కడ లెక్క ఎక్కడో తేడాగా ఉన్నట్టే.

నేను భయపడేది లైసెన్స్ గురించి కాదు, దీని గురించే. ఖరీదైన సీసాలోకి చవక మందు ఒంపమనే ఓనర్లున్నారు. వేరే రాష్ట్రం నుంచి పన్ను ఎగ్గొట్టి తెచ్చిన సీసాలు కౌంటర్ కింద పెట్టేవాళ్లున్నారు. దాడి జరిగినప్పుడు ఓనర్ ఇంట్లో ఉంటాడు, సీసా నీ చేతిలో ఉంటుంది. మొయినాబాద్ వైపు ఫామ్‌హౌస్ పార్టీలకి రాత్రికి ఇంతని పిలుస్తారు చూడు, అక్కడ కూడా ఎక్సైజ్ ఈవెంట్ పర్మిట్ ఫోన్‌లో చూపించమను. ‘అవన్నీ మేం చూసుకుంటాం’ అన్నారంటే వెళ్లకు. ఇంకోటి, 21 నిండనివాళ్లకి పోయకూడదు. అనుమానం వస్తే ఐడీ అడుగు, ఎమ్మెల్యే గారి అబ్బాయైనా సరే.

ఇంట్లో సంగతంటావా, ‘మందు పోసే ఉద్యోగం’ అని మొదలుపెట్టకు. హోటల్‌లో ప్రమోషన్ వచ్చిందని చెప్పి, మొదటి జీతం అమ్మ చేతిలో పెట్టాక మిగతాది మెల్లగా చెప్పు. ఇది దొంగ సలహానే, నాకు తెలుసు.

ప్రశ్న: ఆడపిల్లలు బార్‌టెండర్‌గా చేయొచ్చా? మా బాబాయి చట్టం ఒప్పుకోదంటున్నారు. – కూకట్‌పల్లి నుంచి ఓ పాఠకురాలు

జవాబు: మీ బాబాయిగారు చెప్పేది పాత కథ అమ్మా. ఢిల్లీలో అలాంటి నిషేధం నిజంగానే ఉండేది, 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ చట్టంలో. ఆడవాళ్లూ, 25 ఏళ్లలోపు మగవాళ్లూ బార్‌లో పనిచేయకూడదని. ఆడవాళ్ల మీద ఆ నిషేధం చెల్లదని 2007 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆడవాళ్లకి రక్షణ కావాలంటే రక్షణే ఇవ్వండి, ఉద్యోగం లాక్కోవద్దని తీర్పు సారాంశం. ఇక్కడ బార్లు మామూలుగా రాత్రి 12 దాకా, శుక్ర శనివారాల్లో ఒంటిగంట దాకా ఉంటాయి, ఆ తర్వాత సర్ది బయటపడేసరికి రెండవుతుంది. కాబట్టి జీతం కంటే ముందు ఇంటికి దింపే బండి ఉందా అని అడుగు, నోటిమాటగా కాదు, ఆఫర్ లెటర్‌లో రాయించుకో.